మా పల్లె గుడీ, గుడిలో సామానూ

హైదరాబాదు వచ్చిన కొత్తలో ఒక సోమవారం మా బ్యాంకు సెక్షన్ పెద్దాయన అడిగారు, "నిన్న మీ రూముకొస్తే తాళం వేసుంది, ఎక్కడికెళ్ళావయ్యా?" అని. "గుడికెళ్ళానండీ" అన్నాను. "మరి ప్రసాదమేదీ?" అని చెయ్యి చాపారు. ఏం చెప్పాలో తోచక నవ్వేసి ఊరుకున్నాను. మా వైపు, అంటే ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో, చర్చిని గుడి అనే అంటాం. చర్చి అనేది పట్నం మాట. మందిరం అనేది అయ్యగారు, అంటే పాస్టరుగారు, ప్రసంగంలో వాడే మాట. ఇంట్లో మటుకు "గుడి గంట కొట్టేశారు, లెగండ్రా" అనే.

మా ఊరు గుండ్లకమ్మ ఒడ్డున, మద్దిపాడు వైపు. ఊరు వేరు, పల్లె వేరు. ఊరికి తూర్పున ఏటి మలుపులో ఉంటుంది మా మాదిగపల్లె. నా చిన్నప్పుడు ఆ పల్లె మొత్తానికి పక్కాది అనదగ్గ కట్టడం ఒక్కటే, గుడి. మిగతావన్నీ రెల్లుగడ్డి కప్పిన మట్టి ఇళ్ళు. గుడి కూడా పెద్దదేం కాదు. నా అడుగులతో పొడుగు ముప్ఫై ఎనిమిది, వెడల్పు పద్దెనిమిది. అవి తొమ్మిదేళ్ళవాడి అడుగులు. రాతి గోడలు, గానుగ సున్నం, తాటి దూలాలు, పైన కూన పెంకులు. పక్కకి మూడు చొప్పున ఆరు కిటికీలు, పైభాగం వంపు తిరిగినవి. వాటికి చెక్క తలుపులే గానీ అద్దాలు లేవు. గోపురం లేదు. వాకిలి పైన సున్నంతో పోసిన మూరెడు సిలువ, అంతే.

వాకిలికి ఎడం పక్కన పునాది రాయి ఉండేది. ఏటా క్రిస్మసుకి గుడికి వెల్ల వేసేవాళ్ళు, ఇంటికో మనిషి, ఇంటికో కుంచె. గోడకీ రాయికీ తేడా చూడకుండా లాగించేసేవాళ్ళు. అలా ఏళ్ళ తరబడి వేసిన సున్నం రాతి మీద అక్షరాలన్నిటినీ పూడ్చేసింది. ఒక వేసవిలో నేనూ ఇద్దరు స్నేహితులూ మేకు తీసుకుని గీకడం మొదలుపెట్టాం. ఒకటి వచ్చింది, తొమ్మిది వచ్చింది. ఆ పక్క అంకె మీద మేకు పెట్టామో లేదో బడి పంతులుగారు వెనకనుంచి నా చెవి పట్టుకున్నారు. "గుడి గోడ తవ్వుతారంట్రా!" అని ముగ్గురి చేతా వంద గుంజీలు తీయించారు. మిగతా రెండంకెలూ సున్నంలోనే ఉండిపోయాయి.

ఆ రాయి పడకముందు జరిగిన కథ పెద్దది. ఏటా జులై మొదటి ఆదివారం అయ్యగారు దాన్నే ప్రసంగంగా చెప్పేవారు, మాకు నోటికొచ్చేసింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు వచ్చింది 1840లో. పదేళ్ళు దాటినా చేరినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అక్కడ అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చలయ్యాయి. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూవెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోల్లో కొండెక్కి ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. వాళ్ళు అడిగిన మనిషి రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. 1866లో జాన్ క్లౌ ఒంగోల్లో కాపురం పెట్టాడు. మా ముసలివాళ్ళ నోట ఆయన క్లౌ దొర.

అయ్యగారు దొర దగ్గర ఆగేవారు. మా నాయనమ్మ ఆగేది కాదు. ఆమె లెక్కలో అసలు కథ యర్రగుంట్ల పేరయ్యది. తాళ్ళకొండపాడు అనే ఊరు ఆయనది. తోళ్ళ వ్యాపారం చేసేవాడు, యోగం నేర్చిన మనిషి, మా కులస్తుడు. ఒంగోలు వెళ్ళి, నీళ్ళలో మునిగి క్రైస్తవంలో చేరే బాప్తిస్మం తీసుకుని, తన ఊరు తిరిగి వెళ్ళి చెప్పుకుంటూ పోయాడు. 1867 మొదట్లో దొర అక్కడికి వెళితే 28 మంది సిద్ధంగా ఉన్నారు. "దొర గుర్రమెక్కి వచ్చాడు, పేరయ్య కాలినడకన తిరిగాడు. ఎవరు గొప్పో మీరే చెప్పండ్రా" అనేది నాయనమ్మ.

చేరేవాళ్ళకి మూడు కట్టుబాట్లు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి ఇంతే. కానీ ఊళ్ళో చచ్చిన గొడ్డుని ఈడ్చేది మావాళ్ళు, జాతరకి డప్పు కొట్టేది మావాళ్ళు, చెప్పులూ మోటతోళ్ళూ కుట్టేది మావాళ్ళు. జాతర డప్పు కొట్టం అంటే అది పాటలు మార్చుకున్నంత తేలిక కాదు. ఊరి మొత్తంతో తగాదా. పని పోయేది, గింజలు ఆగిపోయేవి, బావి దగ్గర గొడవ.

ఆ మీదట ధాత కరువు, 1876 నుంచి 78 దాకా. క్లౌ దొర కుర్రతనంలో అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. ఆ చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి పార చేతికిచ్చాడు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ళ దూరంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున ఏట్లో దిగి, అలిసినప్పుడు మారుతూ, దాదాపు తొమ్మిది గంటలు. ఆ 2,222 మందిలో మా నాయనమ్మ తాత ఒకడని మా ఇంట్లో నమ్మకం. ఒంగోలు చుట్టూ ఏ బాప్టిస్టు ఇంట్లో అడిగినా ఈ మాటే చెప్తారు. అందరి తాతల్నీ కూడితే ఇరవై వేలు దాటుతుందేమోనని నాకో అనుమానం.

ఏరు ఉండగా తొట్టి ఎందుకని కాబోలు మా గుడిలో బాప్తిస్మపు తొట్టి కట్టలేదు. నేను కూడా ఆ ఏట్లోనే మునిగాను. ఎండాకాలం కావడంతో నీళ్ళు మోకాళ్ళ దాకే ఉన్నాయి. అయ్యగారు నన్ను పూర్తిగా ముంచడానికి నానా అవస్థా పడ్డారు.

మొదట్లో ఆరాధన ఒక వేపచెట్టు కింద. తర్వాత తాటాకు పాక. అది మూడుసార్లు తగలబడిందని కొందరు, రెండుసార్లేనని కొందరు. ఆ పాకే బడి కూడా. సోమవారం నుంచి శనివారం దాకా పంతులుగారు అక్షరాలు దిద్దించేవారు, ఆదివారం ఆయనే వాక్యం చెప్పేవారు. రాతి గుడి కట్టాక కూడా బడి గుడిలోనే. నేను చదివిందీ అక్కడే. నిలబడి ప్రసంగం చెప్పే పుల్పిట్టు వెనక గోడకి నల్లబల్ల. శనివారం సాయంత్రం దాని మీద ఎక్కాలు తుడిచి, చీరాల నేత తెర వేసేవాళ్ళం. ఒకసారి తుడవడం మర్చిపోయాం. ప్రసంగం మధ్యలో గాలికి తెర లేచినప్పుడల్లా అయ్యగారి తల వెనక పదమూడో ఎక్కం కనబడేది. ప్రార్థనలో కళ్ళు మూసుకోకుండా పదమూడో ఎక్కం నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇక సామాను.

అన్నిటికంటే ముందు బల్ల. ప్రభు భోజనపు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునేది. గుడి పునాదికి అడ్డం వచ్చిందని ఆ వేపచెట్టుని కొట్టి, దాని కలపతోనే చేయించారు. వేపకి చెదపట్టదు. చేసింది ఊళ్ళో వడ్రంగి. బల్ల ముందు పలక మీద "నన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీనిని చేయుడి" అని చెక్కాలి. పంతులుగారు కాగితం మీద రాసిచ్చారు. వడ్రంగి మంచి పనివాడే గానీ తొందరపడ్డాడు. మొదటి "నన్ను" అరచేయంత పెద్దగా చెక్కాడు. "జ్ఞాపకము"లో జ్ఞ ఒత్తుకే జానెడు చోటు పట్టింది. "చేసికొనుటకు" దగ్గరికొచ్చేసరికి ప్రమాదం తెలిసి అక్షరాలు కుదించడం మొదలుపెట్టాడు. "దీనిని" చీమల బారులా ఉంటుంది. "చేయు" అనేసరికి పలక అయిపోయింది. "డి" మిగిలిపోయింది. దాన్ని తీసుకెళ్ళి కుడివైపు కాలి మీద చెక్కాడు.

మేం చదువు నేర్చింది ఆ బల్ల మీదే. కింద చాప మీద కూర్చుంటే అక్షరాలు సరిగ్గా కళ్ళెదురుగా ఉంటాయి. అందుకే మా పల్లె పిల్లలు ఆ వాక్యాన్ని "చేయు" దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, తల దించి, "డి" అనేవాళ్ళు. జిల్లా సండే స్కూలు పోటీల్లో ఒకసారి మా వాళ్ళు నలుగురు అలాగే చెప్పారు. బహుమతి రాలేదు.

నెలలో మొదటి ఆదివారం బల్ల ఆదివారం. ఆ రోజు బల్ల మీద మల్లెపువ్వులాంటి గుడ్డ పరిచేవాళ్ళు. అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, గోధుమపిండితో పలచటి రొట్టె కాల్చేవారు. ఎండుద్రాక్ష రాత్రంతా నానబెట్టి, ఉడికించి, పిసికి, వడగట్టిన రసం. బొటనవేలంత గాజు గ్లాసులు, వాటికి బెజ్జాలు చేసిన చెక్క పళ్ళెం. ఆ గ్లాసులు కడిగే పని నాయనమ్మది. ఏ గ్లాసుకీ మరక ఉండకూడదు, వెలుతురుకి పెట్టి చూసేది. అప్పట్లో ఊళ్ళో టీ హోటల్లో మాకు గ్లాసులు వేరు. చూరులో దోపి ఉండేవి. తాగి మనమే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. ఆ హోటలుకి నాయనమ్మ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. కారణం అడిగితే "నాకు టీ పడదురా" అనేది. ఇంట్లో రోజుకి మూడుసార్లు తాగేది.

పుల్పిట్టు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఎత్తుగా ఉండేది, పొట్టి అయ్యగారు వస్తే వెనక రెండిటుకలు వేసేవాళ్ళు. రామాయపట్నం సెమినరీలో చదివి కొత్తగా వచ్చిన అయ్యగార్లు దాన్ని చేత్తో గుద్ది మాట్లాడేవారు, వయసు మీదపడ్డవాళ్ళు దాన్ని పట్టుకుని మాట్లాడేవారు.

దాని పక్క గోడకి వేలాడేది పాటల పలక. మార్కాపురం పలకే, బళ్ళో వాడేలాంటిదే కాస్త పెద్దది. ఆ రోజు పాడబోయే కీర్తనల నంబర్లు దాని మీద రాసేవాళ్ళు. ప్రకాశం జిల్లాలో పెరిగినవాడికి మార్కాపురం పలకతో అనుబంధం చెప్పక్కర్లేదు. మా నాన్న ఆ పలక మీద నంబర్లు రాసే పనిని ముప్ఫై ఏళ్ళు ఎవరికీ వదల్లేదు. ఆయన ఏడంకె వంకీ తిప్పి రాసేవాడు. ఆయన పోయిన వారం పలక మీద వేరే చేతి ఏడు కనబడి, అమ్మ ఆరాధన మధ్యలోనే లేచి ఇంటికొచ్చేసింది.

కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఆనందభైరవి, ఆది తాళం, ఇలా. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు వందేళ్ళకు పైబడి ముందే కర్ణాటక రాగాల్లో కట్టిన పాటలవి. మా పల్లెలో రాగం పేరు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. కానీ వరస తప్పితే చివరి చాప మీద కూర్చున్న ముసలమ్మ కూడా దగ్గేది.

ఆ పాటలకి హార్మోనియం ఉండేది. దాని కథ చెప్పకపోతే మా తాత ఊరుకోడు. ఒంగోలు మిషన్ కాంపౌండులో ఎవరో పాతదని ఇచ్చేస్తే రెండెడ్ల బండి మీద తెచ్చారట. వచ్చిన రెండేళ్ళకే ఎలుకలు దాని తిత్తి కొరికేశాయి. గాలి నిలవదు, పాట మధ్యలో ఆవులిస్తుంది. బాగుచేయించాలంటే మద్రాసు పంపాలన్నారు. మా తాత చూసి "దీనికి మద్రాసెందుకు? తోలేగా!" అన్నాడు. మేకతోలు తెచ్చి, సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరవేసి, నీడలో ఆరబెట్టి, వేళ్ళ మధ్య గుడ్డలా నలిగేదాకా పిసికాడు. సన్నటి దారంతో కుట్టి, అంచులకి చింతగింజల జిగురు పెట్టాడు. పది రోజులు పట్టింది. ఆ తిత్తి ఆయన పోయాక కూడా పనిచేసింది. వానాకాలంలో మటుకు హార్మోనియం మోగుతుంటే మేక వాసన వచ్చేది. ముందు వరసలో కూర్చున్న పిల్లలం ముక్కులు మూసుకుని పాడేవాళ్ళం.

డప్పుని గుడి గడప తొక్కనివ్వలేదు మా పెద్దలు. డోలక్ ఉండేది, కంజిర ఉండేది, తాళాలుండేవి. డప్పు మాట ఎత్తితే సంఘ పెద్దలు మొహం మాడ్చుకునేవాళ్ళు. జాతర డప్పు మానడానికి వాళ్ళ తాతలు పడ్డ పాట్లు తెలుసు కాబట్టి ఆ కోపం నాకిప్పుడు అర్థమవుతుంది. కానీ మా తాత డప్పు కొడితే ఏట్లో చేపలు కూడా ఆగేవని చెప్పుకునేవాళ్ళు. గుడిలో ఆయన్ని ఎవరూ ఆ పని చెయ్యమనలేదు. ఇది తప్పేనని నా అభిప్రాయం. తోలు లోపలికొచ్చింది, డప్పు రాలేదు.

గంట అంటే గంట కాదు, రైలు పట్టా ముక్క. గుడి పక్కన రావిచెట్టు కొమ్మకి గొలుసుతో వేలాడేది. ఇనుప కడ్డీతో కొడితే ఏటి అవతలికి వినబడేది. మొదటి గంటకి పిల్లలకి తల దువ్వాలి, రెండో గంటకి కూర దించాలి, మూడో గంటకి చాప మీదుండాలి. ఎవరైనా పోతే ఒక్కొక్క దెబ్బ, మధ్యలో చాలాసేపు ఆగి. ఊళ్ళో రైతులు కూడా ఆ గంటని బట్టే పొద్దు చూసుకునేవాళ్ళు. "పల్లె గంటయింది, ఎడ్లు విప్పు" అనడం నేను విన్నాను. గుడి లోపల గోడ గడియారం కూడా ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో మిలిటరీకి వెళ్ళొచ్చిన పెద్దాయన ఇచ్చాడు. వారానికోసారి తాళం ఇవ్వాలి. అది ఎప్పుడూ పదిహేను నిమిషాలు ముందుండేది. ప్రసంగం తొందరగా అవ్వాలని సంఘ పెద్దలే అలా పెట్టారని అమ్మగారు అనేవారు.

కూర్చోవడానికి ఈత చాపలు. మగవాళ్ళు కుడి, ఆడవాళ్ళు ఎడమ. బెంచీలు తర్వాతెప్పుడో వచ్చాయి, నాలుగంటే నాలుగు. వాటి మీద ఎవరు కూర్చోవాలన్న దాని మీద జరిగిన తగాదాలు రాస్తే ఇంకో ఇంత అవుతుంది. వదిలేస్తున్నాను.

వాకిలి లోపల మూలన ఒక కుండ. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇల్లాలు పిడికెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం తెచ్చి ఆ కుండలో పోసేది. అయ్యగారి జీతంలో సగం ఆ కుండలోనే ఉండేది. రకరకాల బియ్యం కలిసిపోయేవి. సన్నాలు, దొడ్డువి, రేషనువి. అమ్మగారి అన్నం ఎప్పుడూ సగం ఉడికీ సగం చితికీ ఉండేదంటే ఆమె తప్పు కాదు.

బీరువాలో సంఘ రిజిస్టరు. పొడుగాటి పుస్తకం, అట్టకి ఎర్రగుడ్డ. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు. దాంట్లో నా పేరు దావీదు. బడి రిజిస్టర్లో వేరే పేరు. మా పల్లెలో చాలామందికి ఇంతే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు, రాష్ట్రంలో బీసీ-సీ. అదే తాత, అదే పల్లె, అదే టీ గ్లాసు, కానీ కాగితం మారిపోతుంది. అందుకని బళ్ళో ఒక పేరు, గుడిలో ఒక పేరు. సర్టిఫికెట్ల ఎంక్వయిరీకి ఎవరైనా వస్తున్నారంటే పల్లెంతా టెన్షన్. ఆ రోజు రిజిస్టరు బీరువాలోంచి మా నాయనమ్మ బియ్యం కాగులోకి మారేది. దాని పేజీల మధ్య నూకలు దొరికేవి.

1977 నవంబరు తుపాను రాత్రి గుర్తుంది. దివిసీమను ఊడ్చుకుపోయిన తుపాను అది, మా వైపు గాలీ వానా. సాయంత్రానికే ఇళ్ళ కప్పులు లేవడం మొదలయ్యాయి. నాన్న రైలు పట్టా మీద ఆగకుండా కొట్టాడు. పల్లెంతా గుడిలోకి వచ్చేసింది, మేకలూ కోళ్ళతో సహా. పెట్రోమాక్సు వెలిగించారు. దాని మాంటిల్ అంటే మాకు భయం, ముట్టుకుంటే బూడిదైపోతుందని. తెల్లార్లూ పాడుతూనే ఉన్నారు. పైన పెంకులు ఒక్కొక్కటే లేచి పోతున్న చప్పుడు. నీళ్ళు కారుతుంటే పసిపిల్లలందర్నీ తీసుకెళ్ళి బల్ల కింద పడుకోబెట్టారు. తొమ్మిదేళ్ళవాణ్ణి, నేను పసివాణ్ణి కాదని ఎంత చెప్పినా అమ్మ వినలేదు. బల్ల కిందనుంచి "డి" చెక్కిన కాలు పట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే చూస్తే కప్పు సగం లేదు. గోడలు మాత్రం కదల్లేదు.

క్రిస్మసు గురించి చెప్పడం మొదలుపెడితే ఆపలేను, అందుకని రెండు మాటలు. వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితాలు అంటించి, లోపల దీపం పెట్టి రావిచెట్టు చివరికి లాగేవాళ్ళం. మైదాపిండి జిగురుతో అంటించిన తోరణాల్ని తెల్లారేసరికి మేకలు తినేసేవి. కోతపండుగ వేలంపాట ఇంకా బావుండేది. గుడికి కానుకగా వచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు, మొదటి కోత వడ్లు బల్ల ముందు పెట్టి పాడేవాళ్ళు. రూపాయి గుమ్మడికాయ పట్టుదల మీద పాతిక దాకా పోయేది. పాడుకున్నవాడు మళ్ళీ దాన్ని గుడికే ఇచ్చేసేవాడు, మళ్ళీ పాట. ఒక్క గుమ్మడికాయని మూడుసార్లు అమ్మిన పంతులుగారి తెలివి నాకు బ్యాంకులో కూడా ఎక్కడా కనబళ్ళేదు.

పాత గుడిని 2000 తర్వాత పడగొట్టారు. తాటి దూలాలకి చేవ పోయింది, పిల్లల మీద పడితే ఎవరిది బాధ్యత అన్నారు. కాదనడానికి నేనక్కడ ఉంటే కదా. గల్ఫు వెళ్ళిన కుర్రాళ్ళు డబ్బు పంపారు. ఇప్పుడున్నది కాంక్రీటుది, పెద్దది, లోపల టైల్సు, ప్లాస్టిక్ కుర్చీలు, కీబోర్డు, నాలుగు మూలలా స్పీకర్లు. ఉక్కపోత తక్కువ. మా అమ్మకి కుర్చీ దొరికింది, మోకాళ్ళ నొప్పులతో చాప మీద కూర్చునే బాధ తప్పింది. అవన్నీ ఒప్పుకోవాలి. రైలు పట్టా పాత ఇనుము వాడికి పోయింది. గడియారం ఏమైందో ఎవరి మాట వాళ్ళది. హార్మోనియం తిత్తి చివరికి ఎలుకలకే దక్కింది. పునాది రాయి కొత్త మెట్ల కింద ఉందంటారు.

కొత్త గుడిలో బల్ల గ్రానైటుది, చీమకుర్తి నుంచి తెచ్చారు. మిషను మీద కోసిన అక్షరాలు, అన్నీ ఒకే ఎత్తు, "చేయుడి" కూడా ఒకే చోట ఉంది. క్రితం ఏడు బల్ల ఆదివారం నాడు నేనక్కడే ఉన్నాను. నా వయసు వాళ్ళం ఇద్దరు ముగ్గురం వాక్యం చదివేటప్పుడు "చేయు" దగ్గర ఆగాం. కుర్రకారు వెనక్కి తిరిగి చూశారు.

పాత వేప బల్లని కోతపండుగ వేలంలో పెడితే మా చిన్నాన్న మూడొందల యాభైకి పాడుకున్నాడు. ఆయన పోయాడు, బల్ల చిన్నమ్మ పంచలో ఉంది. పైన బియ్యం బస్తా, దాని మీద పాత మిక్సీ. ముందు పలక మీద వడ్రంగి అక్షరాలు అలాగే ఉన్నాయి. వంగి కుడి కాలు చూశాను. మేకని కట్టే తాడు ఒరుసుకుని "డి" సగం అరిగిపోయింది.

"చిన్నమ్మా, దీన్ని నేను తీసుకుపోనా? కావాలంటే ఇంకో బల్ల కొనిపెడతా."

"తీసుకుపో నాయనా, నీకంటే ఎక్కువా? మీ ఇంట్లో పడుతుందా మరి?"

టేపు లేదు. తాడుతో కొలిచాను, పొడుగు ఐదడుగుల పైమాటే. మా అపార్టుమెంటు లిఫ్టులో పట్టదు. మెట్ల మలుపులో తిరగదు, పైగా మాది నాలుగో అంతస్తు. తాడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"పట్టకపోతే ఇక్కడే ఉండనీయ్‌లే" అంది చిన్నమ్మ, "అదే పోతే మేకని దేనికి కట్టను?"